కోటగుమ్మం వీధిలో సిరా పంచాయితీ

కొవ్వూరు దాటి రైలు గోదావరి మీదికి వచ్చేసరికి, పెట్టెలో ఎంత నిద్రమొహం వాడైనా కిటికీ వైపు తల తిప్పుతాడు. 1900లో తెరిచిన పాత హేవలాకు వంతెన అక్కడే కనిపిస్తుంది. 1997 నుంచీ దాని మీద బండి నడవటం లేదు. అయినా దాని స్తంభాలు పెన్షను పుచ్చుకునే పెద్దమనుషుల్లా నీళ్ళలో వరసగా నిలబడే వున్నాయి. నా ఎదట కూచున్న ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి, రూపాయి బిళ్ళ నదిలోకి విసిరి దణ్ణం పెట్టుకుంది.

నేను రాజమండ్రి వెళ్ళింది నది కోసం కాదు, పాటల కోసం. కోనసీమ లంకల్లో బడిపంతులుగా పనిచేసి, ఇప్పుడు రాజమండ్రిలో కొడుకు దగ్గర వుంటున్న మాష్టారొకరు తమ తల్లిగారి నోటి పాటలన్నీ రాసి పెట్టుకున్నారని విన్నాను. ఫోను చేస్తే, "సాయంత్రం కోటగుమ్మం వీధిలో కలాల కొట్టుకి రండి. రోజూ అక్కడే వుంటాను. పాటల సంగతి అక్కడే చెప్పాలి" అన్నారు. పాటలకీ కలాలకీ సంబంధం యేమిటో నాకు బోధపడలేదు.

రాజమండ్రి రాతకోతల వూరు. (2015 నుంచీ సర్కారు కాగితాల్లో రాజమహేంద్రవరం అయింది గాని, స్టేషన్లో దిగినవాళ్ళ నోట్లో ఇంకా రాజమండ్రే.) నన్నయభట్టారకుణ్ణి గురించి ఎలాగూ అందరూ చెబుతారు గనుక నేను చెప్పను. 1825లో బ్రౌను దొర యీ వూళ్ళో ఉద్యోగం చేశాడు. తెలుగు గ్రంథాలు దిక్కులేకుండా పడివున్నాయని గ్రహించి, తర్వాతి కాలంలో లేఖకుల్ని జీతమిచ్చి పెట్టుకుని వాటికి ప్రతులు రాయించాడు. ఇక కోసూరి వెంకటరత్నం గారు 1930ల్లో ఇక్కడ స్వదేశీ ఫౌంటెన్ పెన్ను తయారుచేశారు. దాన్ని వాడిచూసి, బజారులో దొరికే పరదేశీ కలాలకు ఇది బదులు రాగలదని మెచ్చుకుంటూ గాంధీగారు 1935 జూలైలో వార్ధా నుంచి ఉత్తరం రాశారు. ఆ రోజుల్లోనే బెంగాల్లో రాజశాహీలో మైత్రా సోదరులు 1934లో సులేఖా అనే స్వదేశీ సిరా మొదలుపెట్టారు. కలం ఇక్కడ, సిరా అక్కడ. ఆ తరం వాళ్ళకి రాసుకునే సామాను కూడా దేశభక్తిలో భాగమే.

కోటగుమ్మం వీధి గోదావరి గట్టుకి ఎంతో దూరం లేదు. నేను వెళ్ళిన కొట్టు చిన్నది. లోపల లేతు మిషను, దాని కింద నల్లని ఎబొనైటు పొట్టు, రబ్బరు కాలిన వాసన. ఎబొనైటంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరే కదా! కొట్టు యజమాని కడ్డీ బిగించి వులి ఆనించగానే నల్లటి రిబ్బన్లా చుట్టలు చుట్టుకుంటూ పొట్టు వూడి పడుతోంది. బయట బల్ల మీద ముగ్గురున్నారు: మాష్టారు, ఒక దస్తావేజు లేఖరి, ఒక హోమియో డాక్టరు. పంచాయితీ అప్పటికే నడుస్తోంది. ముద్దాయి బల్ల మీదే వున్నది: ఒక ఇంకు సీసా.

ఆ కంపెనీ పేరు మనకనవసరం. మాష్టారు నలభై యేళ్ళుగా వాడుతున్న బ్లూబ్లాకు ఇంకు అది. చీటీ మీద 'పర్మనెంటు' అని వుంటుంది. ఇప్పటికీ వుంది. అదే చీటీ, అదే అక్షరాలు, ఇంచుమించు అదే రంగు. మాష్టారు జేబులోంచి రెండు కాగితం ముక్కలు తీశారు. ఒకదాని మీద పాత సీసాలో అడుగున మిగిలిన ఇంకుతోనూ, రెండోదాని మీద కొత్త సీసా ఇంకుతోనూ 'శ్రీరామ' అని రాసి వారం రోజులు ఆరబెట్టారట. డాక్టరుగారి మంచినీళ్ళ గ్లాసు అడిగి పుచ్చుకుని రెంటినీ ముంచారు. నేను కళ్ళారా చూశాను. పాత రామనామం నల్లగా నిలిచింది. కొత్తది నీలంగా పొగలా లేచి, నిమిషంలో గ్లాసంతా పరుచుకుంది.

"చూశారుటండీ! నీళ్ళు తాగేవాడికి పర్మనెంటు, రాసుకున్నవాడికి కాదు" అన్నారు దస్తావేజు లేఖరి.

ఇందులో కిటుకు యేమిటో కొంచెం చెప్పాలి. కరక్కాయ నలగ్గొట్టి, కాచి, ఆ కషాయంలో అన్నభేది వేస్తే నల్లటి సిరా అవుతుందని మన పూర్వులకు తెలుసు. పాశ్చాత్యులు కరక్కాయకి బదులు మాచికాయ వాడారు. కాయలో వగరు, అన్నభేదిలో ఇనుము. ఆ రెండూ కలిసి, గాలి తగిలిన కొద్దీ నల్లబడి కాగితం పీచును పట్టుకుంటాయి. అప్పుడే రాసిన సిరా వెలవెలపోతూ వుంటుంది కనుక కంటికి ఆనటానికి అందులో నీలిరంగు కలుపుతారు. రాసినప్పుడు నీలం, ఆరాక నలుపు: బ్లూబ్లాకు అనే పేరు అలా వచ్చింది. నీళ్ళు పడితే నీలిరంగు పోతుంది, ఇనుము మిగులుతుంది. ఆ ఇనుము యెంతనుకున్నారు? మన దేశపు ప్రమాణాల్లో ఫౌంటెన్ పెన్ను ఇంకుకి నిర్ణయించినది నూటికి 0.1 వంతు. ఆ పిసరే అక్షరానికి ప్రాణం. దాన్ని తీసేసి వట్టి రంగునీళ్ళు పోస్తే, కొన్న రోజున కంటికి తేడా తెలియదు. యేళ్ళు గడిచాక, అదీ నీళ్ళలో పడితేనే తెలుస్తుంది.

ఇది మన వూరి గొడవే కాదు. జర్మనీలో లామీ, మోబ్లా వంటి పేరుమోసిన కంపెనీలు కూడా 2010 తర్వాత తమ బ్లూబ్లాకుల్లోంచి ఇనుము తప్పించాయి. పెన్నుల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు పాత సీసాల కోసం కొట్టు కొట్టూ గాలించి, దొరికినన్ని కొని బీరువాల్లో దాచుకున్నారు. పెలికాన్ వాళ్ళూ, జపానులో ప్లాటినం వాళ్ళూ యీ ఇనుపసిరాని విడిచిపెట్టలేదు. ఇంగ్లండులో అయితే పెళ్ళిళ్ళ రిజిస్టర్లకని వేరే రిజిస్ట్రారు ఇంకే వుండేది. 2021 మే నుంచీ అక్కడ పెళ్ళిళ్ళు కంప్యూటరులోకి ఎక్కాయి, ఆ ఇంకుకి పెద్ద ఉద్యోగం పోయింది.

కొట్టు యజమాని అంతవరకూ మాట్లాడలేదు. మిషను ఆపి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు.

"అందరూ కంపెనీనే అంటున్నారు. నా గోడు కూడా వినండి. ఆ పాత ఇంకు పోసి, ఆర్నెల్లు కడక్కుండా పడేసి, కలం నడవటం లేదని నా ముందు పడేసేవారు. పాళీ తుప్పు పట్టేది, నాలికలో మడ్డి గడ్డకట్టేది. ఆ ఇంకు పులుపు కదండీ! ఎబొనైటుని యేమీ చెయ్యదు గాని వుక్కు పాళీని తినేస్తుంది. తిట్లు నాకు, ఇంకు కంపెనీకి కాదు. ఇప్పుడు కొత్తది వచ్చాక రిపేర్లే తగ్గినాయి."

ఆయన మాటలోనూ న్యాయం వుంది. పాళీనే కాదు, పులుపు మరీ ఎక్కువైతే ఇనుపసిరా కాగితాన్నీ కొరుకుతుంది. పాత దస్తావేజుల్లో అక్షరం వున్నమేరకు చిల్లులు పడ్డ కాగితాలు నేనే చూశాను. కనుక మార్చటం మహాపరాధమని నేననను. మార్చినప్పుడు చీటీ మీద ఆ ముక్క వెయ్యాలి. లేదా పర్మనెంటన్న మాట తీసెయ్యాలి. రెండూ చెయ్యకుండా ఊరుకోవటం నాకు నచ్చలేదు. పాలవాడు నీళ్ళు కలిపితే ఆ పూటే కాఫీ చెబుతుంది. ఇంకు సంగతి చెప్పటానికి వరద రావాలి.

మాష్టారి విషయంలో వరదే వచ్చింది. ఆయన సంచీలోంచి రెండు నోటుబుక్కులు తీసి నా ఒళ్ళో పెట్టారు. మొదటిది 1970లనాటిది. 1986 ఆగస్టు వరదలో లంకలోని వాళ్ళ ఇంటి అటక దాకా నీళ్ళొస్తే, మూడు రోజులు ఆ పుస్తకం నీళ్ళలోనే వుంది. దండెం మీద ఆరేశారట. కాగితం గోధుమరంగు తిరిగి అప్పడంలా పెళుసెక్కింది గాని, ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, అప్పగింతల పాటలు అక్షరం పోకుండా చదవగలిగాను. రెండోది తల్లిగారి ఆఖరి రోజుల్లో, 2013 మొదలుకుని రెండేళ్ళు రాసినది. ఆవిడ 2016లో పోయారు. 2022 జూలై వరదకి లంక ఇంట్లో ఒకే భోషాణంలో రెండు పుస్తకాలూ మునిగాయి. మొదటిది రెండో గండం కూడా గడిచి బయటపడింది. రెండోదానిలో పుటలన్నీ లేతనీలం. అక్కడక్కడా పెన్సిలుతో వేసిన పాట నెంబర్లు మాత్రం శుభ్రంగా వున్నాయి: 1 నుంచి 84 దాకా.

నేను తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. మొదటి పుస్తకంలో వున్నవి చాలావరకు ఎక్కడో అక్కడ అచ్చయినవే. పాఠభేదాలు పనికివస్తాయి, అంతే. రెండో పుస్తకంలోవి ఆ లంకల్లోనే పుట్టినవట. పడవ మీద పుట్టింటికి వెళ్ళే పిల్ల పాట, ఏటికోతలో పొలం పోయిన ఇల్లాలి పాట, రేవులో బట్టలు వుతికేటప్పటి పాటలు. అవి ఏ పుస్తకంలోనూ లేవు. ఖాళీ పుటలు తిప్పుతూ వుంటే నాకు నోట మాట రాలేదు. మాష్టారే నన్ను సముదాయించవలసి వచ్చింది.

"కంపెనీకి ఉత్తరం రాశానండీ. ఇంకును మెరుగుపరిచామని జవాబొచ్చింది. ఇకనేం! మా ఇంట్లోనే కంపెనీ పెట్టాను" అన్నారు నవ్వుతూ.

నిజంగానే పెట్టారు. కరక్కాయలు తెచ్చి, నానేసి, కాచి, అన్నభేది వేసి సిరా చేశారు. వంటింట్లో గిన్నె నల్లబడిందనీ, గట్టు మీద మరక యేం తోమినా పోవటం లేదనీ ఆవిడ వారం రోజులు సణిగారట. "అదే కదే నాకు కావలసింది అన్నాను" అని మాష్టారు చెప్పగానే బల్లంతా గొల్లుమంది. ఆ సిరా ఫౌంటెన్ పెన్నులో పోస్తే నాలిక పూడుకుపోతుందని కొట్టు యజమాని ముందే హెచ్చరించారు. ముంచి రాసుకునే పాతకాలపు కర్రకలం ఒకటి తానే చెక్కి ఇచ్చారు, డబ్బు పుచ్చుకోకుండా.

ఎనభై నాలుగింటిలో మాష్టారికి జ్ఞాపకం వున్నవి పంతొమ్మిది. అమలాపురంలో చెల్లెలుగారికి మరి కొన్ని వచ్చునట. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆవిడ ఫోన్లో పాడుతుంది, ఈయన కలం ముంచి రాస్తారు. చీకటి పడ్డాక కొట్టు కట్టేసి, ఆయన వెంట ఇంటికి వెళ్ళాను. ఆవేళ ఫోనులో పడవ పాట వచ్చింది. నాలుగు చరణాలు సాఫీగా నడిచి, పిల్ల రేవులో దిగే చోట ఆవిడ ఆగిపోయింది. "తర్వాత మాట 'పసుపు' అనో 'పసిడి' అనో వుంటుందిరా అన్నయ్యా, అమ్మ యెలా అనేదో అంతు పట్టటం లేదు. ముక్కామలలో పిన్ని నడుగుతా, రేపు చేస్తాను" అంది. మాష్టారు ఆ చోటు వదిలి, కింద గీత గీసి, కాగితం ఆరబెట్టారు.