వదినకు వేరే బిందె

మా ఊళ్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే మేము పెద్దగా కంగారు పడేవాళ్లం కాదు. పసరు ఇచ్చే తాత ఉన్నాడు. మూడు రోజులు పరగడుపున పసరు, ఆపైన ఉప్పూ నూనే లేని పథ్యం. రెండు మూడు వారాల్లో మనిషి లేచి పోడుకు వెళ్లేవాడు. మా నాన్నకు అలాగే తగ్గింది, మాకూ తగ్గింది.

ఆ ఏడు వానలకు ఊట నీళ్లు తెచ్చే గొట్టం కొట్టుకుపోయింది. నెల పైన గెడ్డ నీళ్లే తాగాం. గెడ్డకు ఎగువన ఇంకో ఊరుంది. వాన పడితే వాళ్లు బయటికి వెళ్లే చోట్లన్నీ కడుక్కుని ఆ నీరే మా బిందెల్లోకి వస్తుంది. మాకు తెలియక కాదు. బట్టలో వడగట్టి, తేరాక తాగితే చాలనుకున్నాం.

ముందు ఇద్దరు కుర్రాళ్లకు కామెర్లు వచ్చి తగ్గాయి. తర్వాత మా వదినకు వచ్చాయి. అప్పుడామెకు ఎనిమిదో నెల. అన్నం చూస్తే వాంతి, మూత్రం పసుపు నీళ్లలా. ఆశా అక్క వచ్చి ఆసుపత్రికి వెళ్దామంది. పసరు పూర్తికానీ అన్నాం మేమే. నాలుగో రోజు వదిన పిలిస్తే పలకలేదు, కళ్లు తెరిచి ఏదేదో మాట్లాడింది. డోలీ కట్టి వానలోనే దించాం. రోడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వదిన బతికింది. బిడ్డ దక్కలేదు.

అది హెపటైటిస్-ఇ అనే వైరస్ అని డాక్టరమ్మ చెప్పింది. రోగి మలం కలిసిన నీళ్లతో వస్తుంది. మామూలు మనిషికి చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. మేము ఆగిపోయి విన్నది ఈ మాట దగ్గరే. పసరు తాగినా తాగకపోయినా ఆ కుర్రాళ్లు లేచేవాళ్లే! కానీ చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే కాలేయం పూర్తిగా దెబ్బతినవచ్చు. అలా సోకిన వందమందిలో ఇరవై, ఇరవై అయిదుగురి దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీన్ని చంపే మందంటూ గర్భిణికి ఇవ్వడానికి లేదు. ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండి తల్లిని కాపాడుకోవాలి. అందుకే ఒక్కో రోజూ లెక్కే.

ఇది కొండవాళ్ల మురికి జబ్బని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1955 చివర్లో ఢిల్లీ నగరంలోనే తాగునీటిలో మురుగు కలిసి వేలమందికి కామెర్లు వచ్చాయి. 1978లో కాశ్మీర్ లోయలోనూ అంతే. రెండుచోట్లా ఎక్కువగా నష్టపోయింది గర్భిణులే.

నీళ్లు కాచి తాగండి అని మీటింగుల్లో చెప్పి వెళ్తారు. వానాకాలంలో ఎండు కట్టె ఎంత కష్టమో చెప్పేవాళ్లకు తెలియదు. ఇంటిల్లిపాదికీ కాచడం మావల్ల కాలేదు. ఆ మాట దాచడమెందుకు? మా అమ్మే ఒక దారి చూసింది. అన్నం కుండ దించగానే అదే మంట మీద నీళ్ల గిన్నె పెట్టి, రెండు కట్టెలు ఎగదోసి, తెర్లేదాకా కాస్తుంది. చల్లారాక మూత బిందెలో పోస్తుంది. అందులో ఎవరూ చెయ్యి ముంచకూడదు. కడుపుతో ఉన్నవాళ్లకు ఆ బిందె వేరు. పొలానికి వెళ్లినా సీసాలో ఆ నీళ్లే.

హెపటైటిస్-బి సంగతి వేరు. అది నీళ్లతో రాదు, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. గర్భిణికి రక్తపరీక్ష చేయించాలి, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా వేయించాలి. ఇంట్లో కాన్పయితే తప్పిపోయేది ఆ టీకాయే.

మేము తాత దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాం. కోప్పడతాడనుకున్నాం. చాలాసేపు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. మొన్న పక్క ఊరినుంచి ఒకామెను పసరుకోసం తీసుకొచ్చారు. కళ్లు చూశాడు, కడుపు చూశాడు. 'దీనికి నా దగ్గర లేదు, దింపండి' అన్నాడు. డోలీకి కర్ర మా ఇంటినుంచే ఇచ్చాం.

వదినకు మళ్లీ అయిదో నెల. బిందె మూత మీద అమ్మ ఒక రాయి పెట్టింది.