వెనుకనుంచి వినిపించే చప్పుడు

తాళం తిప్పగానే కారు వెనుకభాగంలో ‘టక్ టక్ టక్’ మని చప్పుడు మొదలై, కొద్ది క్షణాల్లో ఆగిపోతుంది. కార్బురేటర్లు నిండాయనడానికి అదే గుర్తు. ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎమ్.జి.బి. స్పోర్ట్స్ కారు సొంతదారులకు అది గోడగడియారం చప్పుడంత పరిచితం. వినిపించకపోతేనే గుండె జారుతుంది.

చప్పుడు చేసేది ఫ్యూయల్ పంపు. (పెట్రోలు పంపు అంటే మనకు బంకే గుర్తుకొస్తుంది!) అందులోని తీగచుట్ట అయస్కాంతమై ఒక పల్చని పొరను లాగుతుంది. వెంటనే కాంటాక్టు పాయింట్లు విడిపోయి విద్యుత్తు ఆగుతుంది. అప్పుడు స్ప్రింగు ఆ పొరను నెట్టి పెట్రోలును ముందుకు తోస్తుంది. పాయింట్లు విడిపోయే ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ; ఏళ్లు గడిచేకొద్దీ అవి మాడిపోతాయి.

పంపును ఇంజనుకు దూరంగా పెట్టడం తెలివైన పనే. ఇంజను వేడికి పెట్రోలు ఆవిరై, బుడగలు కట్టి, ధార తెగే ప్రమాదం తగ్గుతుంది. కాని తొలి కార్లలో దాని చోటు కుడి వెనుక చక్రానికి ముందు, కారు అడుగున. చక్రాలు చిమ్మే నీరు, బురద, చలికాలంలో రోడ్లపై చల్లే ఉప్పు – అన్నీ దానికే.

ఒక ఆంగ్లేయుడికి అలాంటి కారు తండ్రినుంచి సంక్రమించింది. కారు ఆగినప్పుడల్లా తండ్రి వానలోనైనా నేలమీద పడుకుని, రెంచి పిడితో పంపును తట్టేవాడు. లోపల కూర్చున్న తల్లి చెవులు రిక్కించి, “కొట్టుకుంటోంది!” అని కేకవేసేది. ఆ కారుకు కొత్తగా ఒక్క రంధ్రమైనా చేయడానికి కొడుకుకు మనసొప్పలేదు.

ఒక వాన రాత్రి, కూతురు పక్కన ఉండగా, కారు పెద్ద రోడ్డుమీద ఆగిపోయింది. అతడూ తండ్రిలాగే కిందికి దూరాడు. రోడ్డువైపు చాచిన కాళ్ల పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి. కూతురు ఏడుస్తోంది. ఇంటికి చేరేసరికి నిర్ణయం జరిగిపోయింది.

పంపును పూర్తిగా డిక్కీలో బిగిస్తే పని సులువే. కాని గొట్టం అతుకు కారిందంటే మూసిన డిక్కీలో పెట్రోలు ఆవిరి నిండుతుంది, పక్కనే నిప్పురవ్వలు! తరువాతి నమూనాలలో కర్మాగారమే మంచి ఉపాయం చేసింది: పంపును డిక్కీ గోడలో సగం లోపల, సగం బయట ఉండేటట్టు అమర్చింది. పెట్రోలు గొట్టాలు బయట, పాయింట్లున్న కొస లోపల. అతడూ అదే పద్ధతి ఎంచుకున్నాడు. ట్యాంకు ఖాళీచేసి, సీట్ల వెనుకనున్న బ్యాటరీల తీగలు విప్పి, డ్రిల్లు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆ తరువాత పని ఒక మధ్యాహ్నంలో ముగిసింది. రంధ్రం అంచుకు తుప్పు పట్టకుండా రంగువేసి, రబ్బరు చుట్టు బిగించాడు.

మర్నాడు వృద్ధురాలైన తల్లిని కారులో కూర్చోబెట్టి తాళం తిప్పాడు. చప్పుడు ఇదివరకటికన్నా దగ్గరగా, గట్టిగా వినిపించి ఆగింది.

“ఇంత పెద్ద గొంతా దీనిది!” అందామె.

అడుగున మిగిలిన పాత బోల్టు రంధ్రాలను అతడు పూడ్చలేదు. రబ్బరు మూతలు పెట్టి ఊరుకున్నాడు. రెంచి ఇంకా డిక్కీలోనే ఉంది.