తీన్‌మూర్తిలో కనిపించని గుర్రం

న్యూఢిల్లీలో నెహ్రూ నివసించిన భవనానికీ, దాని ముందున్న కూడలికీ పేరు తెచ్చినవి మూడు కంచు విగ్రహాలు. నిలువెత్తున నిలబడిన ఆ ముగ్గురూ హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వికదళాలకు ప్రతినిధులు. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పోరాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌కు ఇది స్మారకం. మలిచినవాడు బ్రిటిష్ శిల్పి లియొనార్డ్ జెన్నింగ్స్. రౌతులు ముగ్గురున్నారు, వాళ్లను మోసిన గుర్రాలకు మాత్రం విగ్రహం లేదు.

అది చిన్న లోటు కాదు. 1918 సెప్టెంబర్ 23న ఈ బ్రిగేడ్‌లోని జోధ్‌పూర్, మైసూర్ దళాలు మెషిన్‌గన్లకు ఎదురుగా గుర్రాలను దౌడు తీయించి హైఫా పట్టణాన్ని పట్టుకున్నాయి. ఆ దాడిలో ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. కూలిన గుర్రాలు 60, గాయపడినవి 83. హైదరాబాద్ దళం ఆనాటి దాడిలో లేకపోయినా అదే బ్రిగేడ్‌లో పోరాడింది. 2018లో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు వచ్చినప్పుడు కూడలి పేరు తీన్‌మూర్తి హైఫా చౌక్‌గా మారింది. పేరులో హైఫాకు చోటు దక్కింది. గుర్రాల ఊసు లేదు.

హైదరాబాద్‌దీ ఇదే కథ. మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఫస్ట్ లాన్సర్, ఆ పక్కనే ఏసీ గార్డ్స్... రెండూ నిజాం అశ్వికదళాల పేర్లే. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. ఆటో ఎక్కి రోజూ ఆ పేర్లు పలికేవారిలో గుర్రాలు తలపుకొచ్చేది ఎందరికి?

లండన్ హైడ్‌పార్క్ అంచున 2004లో వెలసిన స్మారకం ఈ లెక్కను తిరగేసింది. అక్కడ సైనికుల విగ్రహాలు లేవు. బరువులు మోస్తున్న రెండు కంచరగాడిదలు, ఒక గుర్రం, ఒక కుక్క ఉన్నాయి. మనదగ్గరా కొంత కదలిక వచ్చింది. 1971 యుద్ధంలో శత్రువుకు చిక్కి, వీపు మీది మెషిన్‌గన్‌తో సహా తప్పించుకొచ్చిన కంచరగాడిద పెడోంగి పేరును ఢిల్లీలోని సైనికాధికారుల మెస్‌లో ఒక లాంజ్‌కు పెట్టారు. 2015లో కశ్మీర్‌లో చొరబాటుదారులను పసిగట్టి ప్రాణాలొదిలిన లాబ్రడార్ మాన్సీకి మరణానంతరం 'మెన్షన్ ఇన్ డిస్పాచెస్' గౌరవం దక్కింది.

విచిత్రం ఏమిటంటే, పనికి రాని సైనిక శునకాలకు సూదిమందుతో ప్రాణం తీసే పద్ధతి బయటపడి దుమారం రేగిందీ అదే 2015లో. ఆ తర్వాత విధానం మారింది. మీరట్‌లో వృద్ధ శునకాలకు ఆశ్రయం ఏర్పడింది, పౌరులకు దత్తత ఇస్తున్నారు.

తీన్‌మూర్తి పక్కన ఒక కంచు గుర్రాన్ని నిలబెట్టడం కష్టమేమీ కాదు. కానీ కొలువు ముగిసిన మూగజీవికి చివరిదాకా గడ్డి, నీడ, వైద్యం అందుతున్నాయా అన్నదే అసలు పరీక్ష. అది తేలకుండా పోసే కంచు ఉత్త అలంకారమే.