మూసిన గదిలో కుంపటి: భిలాయి చలికాలపు కేసులు

భిలాయిలో గట్టి చలి డిసెంబరు నడిమి నుంచి జనవరి చివరి వరకు ఉంటుంది. ఊరు సముద్రానికి చాలా దూరంగా, దాదాపు 300 మీటర్ల ఎత్తున, ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఉంది. హిమాలయాల్లో మంచు కురిపించిన మబ్బులు తూర్పుకు సాగిపోయాక, వాటి వెనకే పొడి ఉత్తర గాలి ఇటు దిగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న ఆ రాత్రుల్లో, పగలు నేల పీల్చుకున్న వేడిని పట్టి ఉంచే మబ్బు పొర ఉండదు. తెల్లవారుజాముకు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు, కొన్నేళ్లు అంతకంటే కిందికి పడిపోతుంది. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గానీ అంతకు తక్కువకు గానీ దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతగాలిగా లెక్కిస్తుంది. సముద్రతీరపు ఊళ్లకు మాత్రం ఈ హద్దు 15 డిగ్రీలు. తీరంలో పుట్టి పెరిగినవారికి చలి ముందే తగులుతుందని వాతావరణ శాస్త్రం కూడా ఒప్పుకున్నట్టే.

ఈ సంగతి భిలాయి వైద్యులకు ప్రత్యేకంగా పనికొస్తుంది. సోవియట్ సహాయంతో ఉక్కు కర్మాగారం కట్టేందుకు 1955లో ఒప్పందం జరిగింది, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది, బస్తీల్లో తెలుగు వినిపిస్తుంది. మూడో తరం పిల్లలకు ఈ చలి అలవాటే. ఊరి నుంచి వచ్చే అమ్మమ్మలకు, తాతయ్యలకు అలవాటు లేదు. భిలాయిని ఆనుకుని ఉన్న దుర్గ్‌కూ, విశాఖకూ మధ్య 2024 సెప్టెంబరు నుంచి నడుస్తున్న వందే భారత్‌లో మధ్యాహ్నం విశాఖలో ఎక్కినవారు ఆ రాత్రికే దుర్గ్‌లో దిగుతారు. శరీరం కొత్త చలికి సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. పలచని నేత చీరతో, చెప్పులతో దిగే పెద్దావిడకు ఆ వ్యవధి దొరకదు.

ఇళ్లు కూడా ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టినవే. మే నెల 45 డిగ్రీల వేడిని బయటికి పంపడానికి ఎత్తయిన కప్పు, గాలి ఆడే కిటికీలు, చల్లని సిమెంటు గచ్చు కావాలి. జనవరిలో ఇవే ఇబ్బంది పెడతాయి. బస్తీల్లో రేకుల కప్పు కింద పడుకునేవారికి రాత్రి మూడు గంటల వేళ ఇంటి లోపలికీ బయటికీ పెద్ద తేడా ఉండదు. వడదెబ్బను ఇక్కడ ఎవరైనా గుర్తుపడతారు, అప్పుడేం చేయాలో పక్కింటివారు కూడా చెప్పగలరు. చలిదెబ్బ విషయంలో ఆ సామూహిక జ్ఞానం లేదు. అందుకే రోగులు ఆలస్యంగా వస్తారు.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. దానికి మంచు అక్కర్లేదు. పది డిగ్రీల గదిలో తడి బట్టలతోనో, చల్లని గచ్చు మీదో గంటల తరబడి ఉంటే చాలు. మొదట చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. 32 డిగ్రీల నుంచి కిందికి దిగేకొద్దీ వణుకు తగ్గి, చివరికి ఆగిపోతుంది. మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, ఆలోచన మందగిస్తుంది. వణుకు ఆగితే ఇంట్లోవాళ్లు కుదుటపడిందని అనుకుంటారు. నిజానికి రోగి అప్పుడే ప్రమాదంలోకి జారుతున్నాడు.

ఇలాంటి కేసుల్లో తరచుగా కనిపించే రూపం ఒకటుంది. శ్రీకాకుళం వైపు నుంచి కొడుకు ఇంటికి వచ్చిన డెబ్బై ఏళ్లు దాటిన ఆవిడ, థైరాయిడ్ లోపం ఉంది, మాత్రలు ఊళ్లోనే మరిచిపోయింది. మంచం కొత్త కోడలికి వదిలేసి కింద చాప మీద పడుకుంది. పొద్దున లేపితే మాట ముద్దగా వస్తోంది, మనుషులను పోల్చుకోవడం లేదు. పక్షవాతమేమోనని ఆస్పత్రికి తెస్తారు. థర్మామీటరు పెట్టి జ్వరం లేదని రాస్తారు. మామూలు థర్మామీటరు గీతలు 35 దగ్గర మొదలవుతాయి. అంతకంటే తక్కువను అది చూపదు. చెయ్యి పొట్ట మీద, దుప్పటి కింద పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కాళ్లూ చేతులూ చలికాలంలో ఎవరికైనా చల్లగానే ఉంటాయి. పొట్ట కూడా చల్లబడితే లోపలి వేడి పోయిందన్నమాట. అప్పుడు తక్కువ ఉష్ణోగ్రతను కొలవగల థర్మామీటరు తెప్పించాలి. ఈసీజీలో గుండె గీత చివర చిన్న మూపురం లాంటి అల కనిపించవచ్చు. జాన్ ఆస్‌బర్న్ 1953లో వర్ణించిన ఆ అల రోగ నిర్ధారణకు మంచి ఆధారం.

వైద్యంలో తొందర కంటే నెమ్మది ముఖ్యం. చల్లబడిన గుండె చిన్న కుదుపుకే లయ తప్పుతుంది కాబట్టి రోగిని మెల్లగా కదపాలి. తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టి, తలకు కూడా కప్పాలి. గుడ్డ చుట్టిన వేడి నీళ్ల సీసాలను ఛాతీ పక్కన, చంకల్లో పెట్టాలి. కాళ్లూ చేతులూ రుద్దకూడదు. రుద్దితే అక్కడి చల్లని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. స్పృహ ఉంటే తియ్యటి వేడి పాలు పట్టవచ్చు. మందు తాగితే వెచ్చగా ఉంటుందన్న నమ్మకం రాత్రి కాపలావాళ్లలో, లారీలవాళ్లలో గట్టిగా ఉంది. సారా చర్మంలోని నాళాలను తెరుస్తుంది. ఒంటికి వెచ్చగా అనిపిస్తుంది గానీ, అది లోపలి వేడి బయటికి పోతున్న గుర్తు.

పసిబిడ్డలు వణకలేరు. మెడ చుట్టూ, భుజాల మధ్య ఉన్న ప్రత్యేకమైన గోధుమరంగు కొవ్వును కరిగించి వేడి తెచ్చుకుంటారు, నెల తక్కువ బిడ్డలకు అదీ తక్కువే. పాలు తాగడం మానేసి, ఏడుపు సన్నబడి, పాదాలు చల్లగా ఉన్న బిడ్డను చలికాలంలో ముందు తల్లి ఛాతీకి చర్మం తగిలేలా హత్తుకోబెట్టాలి. కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన ఈ పద్ధతి ప్రపంచమంతా నిలిచింది.

గుండె విషయానికొస్తే, చలివల్ల పోయే ప్రాణాల్లో ఎక్కువ భాగం ఈ దారినే పోతాయి. 13 దేశాల్లోని 7.4 కోట్ల మరణాలను పరిశీలించి 2015లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో 7.29 శాతం చలితో, 0.42 శాతం వేడితో ముడిపడ్డాయి. చలి మరణాల్లోనూ అధిక భాగం ఓ మాదిరి చలి రోజుల్లో జరిగినవే. చలికి నాళాలు ముడుచుకుంటే రక్తపోటు పెరుగుతుంది, రక్తం కాస్త చిక్కబడుతుంది. భిలాయిలో దీనికి షిఫ్టులు తోడవుతాయి. రాత్రి పది గంటలకు, తెల్లవారి ఆరు గంటలకు షిఫ్టు మారుతుంది. కొలిమి దగ్గర చెమటతో తడిసిన చొక్కా మీదే స్కూటరెక్కి ఎదురుగాలిలో ఇంటికి వెళ్లే కార్మికుడి ఒంటి నుంచి వేడి చాలా వేగంగా పోతుంది. తడి బట్ట పొడి బట్టలా వేడిని ఆపలేదు. యాభై దాటి, బీపీ, పొగ అలవాటు ఉన్న మనిషి ఆ దారిలో ఛాతీలో బరువు అనిపిస్తే గ్యాస్ అనుకుని ఇంటికి పోకుండా నేరుగా ఆస్పత్రికి రావాలి. చొక్కా మార్చుకోవడానికి పట్టే రెండు నిమిషాలు ఇక్కడ మందుతో సమానం.

అయితే ఈ ఊళ్లో అన్నిటికంటే బాధ పెట్టే చలికాలపు మరణాలు చలివల్ల నేరుగా వచ్చేవి కావు. చలి కాచుకోవడం వల్ల వచ్చేవి. తెలుగువారి కుంపటి, ఛత్తీస్‌గఢీల గోర్సీ, హిందీవారి సిగ్డీ ఏదైనా లోపల మండేది బొగ్గో, పిడకో, కట్టెపుల్లో. పొగ వస్తున్నంతసేపు దాన్ని వాకిట్లో ఉంచుతారు. పొగ పోయి నిప్పులు ఎర్రగా తేలాక, ఇక భయం లేదని గదిలోకి తెచ్చి తలుపు వేస్తారు. కార్బన్ మోనాక్సైడ్ అప్పుడే గదిలో పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంట్లో మంట ఉండదు.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో జరిగే రసాయన చర్యే కుంపట్లోనూ జరుగుతుంది. కింద గాలి తగిలి కార్బన్ మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది పైనున్న ఎర్రటి నిప్పుల గుండా పోతూ మరో కార్బన్ పరమాణువును కలుపుకుని మోనాక్సైడ్‌గా మారుతుంది. కొలిమిలో ఆ వాయువే ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగి లోహాన్ని విడదీస్తుంది. మనిషి రక్తంలో అది హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. భిలాయికి ఈ వాయువు కొత్త కాదు. 2014 జూన్ 12న కర్మాగారంలోని పంప్‌హౌస్‌లోకి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ చొరబడి ఆరుగురు చనిపోయారు, వారిలో సీనియర్ అధికారులూ ఉన్నారు. గ్యాస్ ఉన్న చోట్ల మానిటరు లేకుండా అడుగుపెట్టకూడదని కార్మికులకు నేర్పుతారు. అదే కార్మికుడు ఇంట్లో నిప్పుల కుంపటి పక్కన పిల్లలను పడుకోబెడతాడు. కారణం అజాగ్రత్త అనడం అన్యాయం. గ్యాస్ అంటే ప్లాంటులో పెద్ద గొట్టాల్లో ఉండేదని ఆయనకు నేర్పారు. పళ్లెమంత మట్టిపాత్రలో కూడా అదే పుడుతుందని ఎవరూ చెప్పలేదు.

ఈ కేసుల్లో తెలుసుకోవలసిన గుర్తు ఒకటే: ఇంట్లో అందరికీ ఒకేసారి జబ్బు చేయడం. తల్లికి తలనొప్పి, పిల్లలకు వాంతులు, తాతయ్య లేవడం లేదు. రాత్రి తిన్న కూర మీద అనుమానంతో విషాహారమని వస్తారు. జ్వరం ఉండదు, విరేచనాలు ఉండవు, బయటికి వచ్చాక కొందరికి కాస్త తేలిక పడుతుంది. ఇక్కడ పల్స్ ఆక్సీమీటర్ మోసం చేస్తుంది. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నదిగానే చదివి 98 చూపుతుంది. ఆ అంకె చూసి ఇంటికి పంపేస్తే, రోగి మళ్లీ అదే గదికి, అదే కుంపటి దగ్గరికి వెళతాడు. రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష చేయగలిగితే మంచిదే, లేకపోయినా వైద్యం ఆపకూడదు. రాత్రి గదిలో ఏం మండిందని అడగడం అన్ని పరీక్షల కంటే ముందు జరగాలి. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. బిగుతైన మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో ఆ పని అవుతుంది. గర్భిణికి ఆక్సిజన్ మరింత ఎక్కువసేపు ఇవ్వాలి, బిడ్డ రక్తం ఈ వాయువును ఆలస్యంగా వదులుతుంది.

వెచ్చని ప్రాంతాల మీద చలి విరుచుకుపడినప్పుడు, చలి, మోనాక్సైడ్ అనే ఈ రెండు ప్రమాదాలూ జంటగా రావచ్చు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌ను మంచు తుపాను ముంచెత్తింది. మెక్సికో సింధుశాఖ దగ్గరి హ్యూస్టన్‌లో ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల కిందికి దిగింది, లక్షలాది ఇళ్లకు కరెంటు పోయింది. వేల తెలుగు కుటుంబాలున్న రాష్ట్రమది. అధికారిక లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు, ఎక్కువమంది చలికి నేరుగా గురై పోయినవారే. ఇళ్లలో బొగ్గు పొయ్యిలు వెలిగించి, గ్యారేజీలో కార్లు నడిపి, జనరేటర్లు పెట్టుకుని మోనాక్సైడ్‌కు బలైనవారూ ఆ లెక్కలో ఉన్నారు. అంత సంపన్న సమాజంలోనూ వేడి కోసం తాపత్రయపడిన మనుషులు చేసింది బస్తీ ఇంట్లో జరిగేదే.

కాబట్టి బొగ్గు వాడవద్దని ఊరికే చెబితే చాలదు. హీటరు కొనలేని ఇంటికి కుంపటి తప్పదు. ఎవరైనా మేలుకుని ఉన్నంతసేపు, రెండు వైపులా కిటికీలు తెరిచి కాచుకోవచ్చు. పడుకునే ముందు నిప్పులను వాకిట్లోకి తీసుకుపోవాలి, బూడిద కప్పినవైనా సరే. పడక గదికి వేడి కావాలంటే నేల మీద గోనెసంచులో గడ్డిపరుపో వేసి, పాత దుప్పట్లు రెండు పొరలుగా కప్పుకుని, తలకు మఫ్లరు చుట్టుకోవడం కుంపటికంటే మేలు. రోజూ గోర్సీకి దగ్గరగా కాళ్లు కాచుకునేవారి పిక్కల మీద వలలాంటి గోధుమ మచ్చలు ఏర్పడతాయి. వేరే జబ్బు కోసం వచ్చిన రోగి కాళ్ల మీద అవి కనిపిస్తే, పడక గదిలో కుంపటి ఉంటోందా అని అడిగే అవకాశం దొరికినట్టే.

మోనాక్సైడ్ తగిలి కోలుకున్నవారిని ఆస్పత్రి నుంచి పంపినంతమాత్రాన కేసు ముగియదు. కొందరిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల తరవాత మతిమరుపు, కోపం, నడకలో తడబాటు, మూత్రం ఆపుకోలేకపోవడం కనిపిస్తాయి. పెద్దవయసువారిలో, స్పృహ తప్పినవారిలో ఇది ఎక్కువ. తాతయ్య చాదస్తం పెరిగిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. డిశ్చార్జి కాగితం మీద నెలన్నర లోపు మళ్లీ చూపించుకోవాలని రాసి, ఆ లక్షణాలను ఇంట్లోవారికి వారి భాషలో వివరించి పంపాలి. చాలామందిలో ఇది నెలల్లో మెల్లగా సర్దుకుంటుంది, కొందరిలో మిగిలిపోతుంది.