కుక్కను నడిపించు కొలువు

సంచికకు ఏదేని ఒక వ్యాసము వ్రాయుడని సంఘమువారు కోరినప్పుడు, కళలను గూర్చిగాని చరిత్రను గూర్చిగాని వ్రాయదగిన పాండిత్యము మాకు లేదని మనవి చేసితిమి. మా చదువు ఎస్సెస్సెల్సీతో ముగిసినది. పిమ్మట ముప్పదినాలుగేండ్లు ఈ బెంగుళూరులోనే ఒక కంపెనీయందు గుమాస్తాగిరి. "అట్లయిన ఇప్పుడు చేయుచున్న పనిని గూర్చియే వ్రాయుడు" అని కార్యదర్శిగారు నవ్వుచు సెలవిచ్చిరి. పరిహాసమునకు అనిరో నిజముగనే అనిరో తెలియదు. మేము మాత్రము కాగితము ముందు పెట్టుకొని కూర్చుంటిమి.

మేమిప్పుడు చేయుచున్న పని, పరుల కుక్కలను ఉదయము సాయంకాలము నడిపించుట.

కంపెనీ నౌకరీవారి పింఛను ఎంతటిదో చదువరులకు తెలియనిది కాదు. ప్రభుత్వమువారు 2014 లో కనీసము వేయి రూపాయలని నిర్ణయించిరి. మాకు వచ్చునది అంతకు కొంత హెచ్చే, కాని ఆ హెచ్చు మందుల దుకాణమునకే చెల్లిపోవును. మాకు చక్కెరవ్యాధి. దినమునకు గంటసేపు నడువవలెనని డాక్టరుగారి ఆజ్ఞ. మల్లేశ్వరములో మేముండు వీధిలోనే లక్నోనుండి వచ్చిన దంపతులు కలరు. ఇరువురును కంప్యూటరు కొలువులవారు, రాత్రులు పనిచేసి తెల్లవారునప్పుడు నిద్రించువారు. వారి లాబ్రడారు కుక్క పేరు బ్రూనో. మేము నిత్యము నడచుట చూచి ఆ యిల్లాలు ఒకనాడు, "అంకుల్, వీనిని కూడ తీసికొని పోరాదా?" అని అడిగి, నెలకు మూడువేలు ఇత్తునన్నది. ఎటులను నడువవలసినదే కదాయని ఒప్పుకొంటిమి.

ఒప్పుకొంటిమి గాని సిగ్గు వదలలేదు. మా తాతగారు మదనపల్లె ప్రాంతమునుండి ఇచ్చటికి వచ్చినవారు. మా యింట కుక్కకు అన్నము వీధిగడప కవతలనే. మడి కట్టుకొన్న అవ్వ కుక్కనీడ పడిననే మరల స్నానమునకు పోయెడిది. అట్టి యింట పుట్టి, చేత గొలుసును, జేబులో మలము నెత్తుటకు కాగితపు సంచులును పెట్టుకొని తిరుగుట! ఆరు మాసములు ఈ జీతము సంగతి మా యింటియామెకు తప్ప అన్యులకు తెలియనీయలేదు. ఎవరైన అడిగినచో స్నేహితుని కుక్కయని చెప్పెడివారము. ఒకనాడు ఊరినుండి వచ్చిన మా బావమరిది, మేము మార్గోసా రోడ్డు ప్రక్కన వంగి సంచి ముడివేయుచుండగా చూచెను. ఇంటికి వచ్చి, "ఇదేం ఖర్మ బావగారూ, ఈ వయసులో?" అనెను. మేము మాటాడలేదు. మా యింటియామె కాఫీ అందించుచు, "ఆఫీసులో ముప్పైనాలుగేళ్ళు మీ బావగారే ఒకరి గుమ్మంలో నిలబడ్డారు తమ్ముడూ. ఇప్పుడు ఆ కుక్క ఈయన కోసం గుమ్మంలో నిలబడుతోంది" అన్నది. ఆ దినమునుండి దాపరికము మానితిమి.

ఇప్పుడు మాకు మూడు కుక్కలు. అయిదుంబావునకు బ్రూనో. ఆరింటికి ముధోళ జాతిది, బాగలకోటె సీమనుండి తెచ్చినది, చువ్వవలె సన్ననిది. ఉడుత కనబడెనా మన భుజము మనది కాదు. పిమ్మట ఒక పొమరేనియను. చేరెడు కుక్క, కాని వీధికుక్కల పటాలము నంతటిని ఒంటిగా సవాలు చేయును. వీధికుక్కలకు ఒక్కొక్క క్రాసు ఒక్కొక్క రాజ్యము. ఏ కరెంటు స్తంభమువద్ద ఎవరి ఎల్ల ముగియునో మేము బాగుగ నేర్చుకొంటిమి. ఎల్ల రాకముందే వీధి దాటవలెను. చేతికర్ర కొట్టుటకు కాదు, నేలపై తట్టుటకు. వేసవిలో ఎనిమిది దాటిన పిమ్మట తారురోడ్డుపై అరచేయి వెనుక భాగమును ఉంచి చూతుము. మనకు ఓర్వరానిచో దాని పాదములకును ఓర్వరాదు. వానలలో పిడుదులు పట్టును. చెవులలోను వ్రేళ్ళ సందులలోను వెదకవలెను. కుక్క నడకయనగా నడచుట కాదు, నిలుచుట. అది ఒక్కొక్క చెట్టు మొదలును వాసన చూచును. మనము పత్రిక చదివినట్లు. తొలుత తొందరపెట్టెడివారము. ఇప్పుడు అది చదివి ముగించువరకు ఆగుదుము.

గుమాస్తా బుద్ధి పోవునా? ఏ కుక్క ఎంతసేపు నడచినది, ఎన్నిసార్లు మూత్రము విడిచినది, అన్నియు ఒక నోటుపుస్తకములో ఎక్కింతుము. యజమానులు మొదట నవ్విరి. రెండేండ్ల క్రిందట బ్రూనో పద్దులో మూత్రము లెక్క నాలుగునుండి తొమ్మిదికి పెరిగినది. ఇంటికి చేరగానే గిన్నెడు నీరు త్రాగి మరల అడుగుచుండెను. ఆ గురుతులు మాకు కొత్తవి కావు. పుస్తకము చూపితిమి. పశువైద్యుడు రక్తము పరీక్షించి చక్కెరవ్యాధి యనెను. అప్పటినుండి దినమునకు రెండు పూటల ఇన్సులిన్. నడక హెచ్చిన చక్కెర పడిపోవచ్చును గనుక గ్లూకోజు పొడి దగ్గర ఉంచుకొమ్మనెను. మా జేబులో పొట్లము మునుపే ఉన్నది. ఇప్పుడది ఇరువురిదియు.

ఈ వ్యాధి గల కుక్కలలో పెక్కింటికి కన్నులలో శుక్లములు వచ్చునట. బ్రూనోకు ఏడాది తిరుగకమున్నే వచ్చినవి. ఒక ఉదయమున మెట్లవద్ద నిలిచి కాలు కదపక వణకినది. మాకేమియు తోచక, "మెట్టు నాయనా, మెట్టు" అంటిమి. ఒక పాదమును గాలిలో తడవి, క్రిందికి మోపినది. మరల "మెట్టు" అంటిమి. అట్లు పదునాలుగు మెట్లు. ఆ యింట హిందీ, ఇంగ్లీషు; వంటమనిషిది తమిళము; వీధి అంతయు కన్నడము. బ్రూనోకు దారిమాటలు మాత్రము తెలుగున పట్టుబడినవి: పద, ఆగు, ఎడమ, కుడి, మెట్టు, చాలు.

మా మనుమడు పదేండ్లవాడు, తెలుగున పలుకరించిన ఇంగ్లీషున బదులిచ్చును. ఇందుకు వాని నన వలనుపడదు. ఇంటిలో మేమే పట్టుబట్టలేదు. సెలవులలో వచ్చినప్పుడు ఒకనాడు గొలుసు వాని చేతికిచ్చితిమి. "స్టెప్" అనెను. బ్రూనో కదలలేదు. మరల బిగ్గరగా అనెను, కదలలేదు. మావైపు చూచి, మెల్లగా, "మెట్టు" అనెను.

గడచిన మాసమున మాకు కంటి శస్త్రచికిత్స జరిగి పది దినములు బయటికి పోరాదనిరి. ఆ యిల్లాలు మా మాటలన్నియు ఒక కాగితముపై హిందీ అక్షరములలో వ్రాసి, రిఫ్రిజిరేటరు తలుపునకు అంటించుకొని తానే నడిపించినది. మేము మరల పనికి వెళ్ళిన ఉదయమున కాగితము చూపి, సరిగా నున్నదాయని అడిగినది. క్రొత్త కంటితో చదివితిమి. అన్నియు సరియే. 'చాలు' అనుదానికి మాత్రము దీర్ఘము పెట్టి 'చాలూ' అని వ్రాసినది. హిందీలో దాని అర్థమే వేరు. జేబులోని కలము తీసి దిద్దితిమి. బ్రూనో అప్పటికే గుమ్మములో నిలిచియున్నది.