నక్షత్రయుద్ధమున తొలి పాఠము

యానామునుండి వచ్చి పుదుచ్చేరిలోని ఒర్లియంపేటలో కాపురముండు మా యింట, మేనకోడలి చేతికి కంట్రోలరు నిచ్చి, 1997లో నింటెండో సంస్థ వెలువరించిన ‘స్టార్ ఫాక్స్ 64’ అను వీడియో క్రీడ నాడించునపుడెల్ల నాకు తోచు భావమొకటి కలదు. అంతరిక్షయుద్ధక్రీడలనగా మీటల నెరుగని పసివారిని తొలి నిమిషముననే కూలద్రోయునవని పేరుపడియుండగా, ఇది మాత్రము మొదటి గ్రహమైన కార్నేరియాపై యుద్ధము సాగుచుండగనే, పెప్పీ అను పెద్దకుందేలు నోట ఏ మీట నెప్పుడు నొక్కవలయునో చెప్పించుచు, ఆటయు కథయు వేరుగాకుండ బోధించును. “మావయ్యా, ఫాల్కోని తరుముతున్నారు!” అని మా పిల్ల కేకవైచును. సహచరుడైన ఆ ఫాల్కోను రక్షించి, నీటిపై నిలిచిన రాతి కమానులన్నిటి నడుమనుండి ఎగిరినచో, జలపాతము వెనుక కఠినతరమార్గము తెరచుకొనును. అది చేతకాని పిల్లకును సులభమార్గమున కథ సాగిపోవును. అయితే కడపటి గ్రహమును కఠినమార్గమున చేరినవారికే, కథానాయకుడు ద్రోహమువలన కోల్పోయిన తన తండ్రి కనిపించి దారి చూపును. నేర్వనివారి నవమానింపక, నేర్చినవారికి బహుమాన మొసగు నీ కూర్పు ఉత్తమగురువు లక్షణము. రాకెట్లు లేచు శ్రీహరికోట ఆంధ్రదేశమందే యుండగా, ఆ తీరమునుండి బయలుదేరు అంతరిక్షనావ కథను, ఇట్టి కూర్పుతోనే, తెలుగున పలుకు సహచరులతో, హైదరాబాదు క్రీడానిర్మాతలు రచింపవలయునని నా ప్రార్థన.