యాడ జూసినావురా?

టెక్సాస్ పడమటి కొసన, రియో గ్రాండే నది మెలిక తిరిగే చోట బిగ్ బెండ్ నేషనల్ పార్క్ ఉంది. చుట్టూ చివావా ఎడారి, నడిమధ్య చీసోస్ కొండలు. టూసాన్ నుంచి పది గంటలు కారు నడిపి రాత్రికి చేరాం. తెల్లారి లాస్ట్ మైన్ కాలిబాట ఎక్కుతుంటే ఓక్ చెట్ల కింద బూడిదరంగు దుప్పి ఒకటి కనిపించింది. మేక కన్నా కాస్త పెద్దది, అంతే. మమ్మల్ని చూసి రెండు గెంతులు వేసి తోక ఎత్తింది. తోక అడుగు భాగం తెల్లగా తళుక్కుమంది.

"కూజ్ డీర్" అన్నాను, వెనకాల వచ్చేవాళ్లకి వినబడేట్టు. మా అరిజోనా కొండల్లో తిరిగే బుల్లి తెల్లతోక దుప్పి పేరది.

ఆ వచ్చేవాళ్లలో ఒక పెద్దావిడ ఉన్నారు. చేతికర్ర, ఎండకి వెలిసిన టోపీ, మెడలో అరిగిపోయిన బైనాక్యులర్స్. "మీరు అరిజోనా నుంచి వచ్చారా?" అని నవ్వుతూ అడిగారు. నా పరిజ్ఞానానికి ముచ్చట పడ్డారనుకుని అవునన్నాను. "అక్కణ్నుంచి వచ్చిన వాళ్లు చాలామంది ఇదే మాట అంటారు. ఇది కార్మెన్ కొండల తెల్లతోక. మీ కూజ్ ఇక్కడ ఉండదు" అన్నారు.

రెంటికీ తేడా ఏమిటని అడిగాను. చెవులో, కొమ్ములో, కంటి చుట్టూ తెల్ల వలయమో ఏదో ఒకటి చెబుతారని ఫోన్ తీసి రాసుకోవడానికి సిద్ధమయ్యాను కూడా.

"చూపుతో నేను చెప్పలేను. ఏ కొండ మీద నిలబడ్డానో తెలుసు కాబట్టి చెప్పాను" అని ఆవిడ కర్ర ఊతంగా ముందుకి వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండింది. ఇది కూడా ఒక పద్ధతేనా? క్లాసులో పిల్లవాణ్ని మొహం చూడకుండా కూర్చున్న బెంచీని బట్టి పేరు పెట్టి పిలిచినట్టు ఉంది. ఆ కోపంలోంచి బయటపడడానికి నాకు చాలా రోజులే పట్టింది.

నా ధీమాకి కారణం ఉంది. టూసాన్‌కి వచ్చిన కొత్తలో ఒకసారి బోర్లా పడి లేచినవాణ్ని. మా ఊరికి దక్షిణాన శాంటా రీటా కొండలున్నాయి. కింద కాక్టస్‌లు, ముళ్లపొదలు. పైకి పోతే ఓక్‌లు, ఇంకా పైకి పోతే పైన్ చెట్లు. ఎడారి సముద్రంలో దీవుల్లా లేచిన ఇలాంటి కొండల్ని ఇక్కడివాళ్లు ఆకాశ దీవులంటారు. ఆ కొండ కింద మెట్టలో ఒంటరిగా నిలబడ్డ దుప్పిని ఫొటో తీసి, చిన్నగా ఉంది కాబట్టి కూజ్ అని తెలుగు మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వేటకి వెళ్లే అలవాటున్న మా ఆఫీసు సహోద్యోగి దాన్ని చూసి పకపకా నవ్వాడు. అది వేరే జాతి, మ్యూల్ డీర్ పిల్ల.

చిన్నది, పెద్దది అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఖాళీ కొండవాలు మీద ఒంటరిగా నిలబడ్డ జంతువుకి సైజు అంటూ ఉండదు. పక్కన కొలతకి ఏమీ ఉండదు కదా. కూజ్ మగదుప్పి భుజం దగ్గర 80 సెంటీమీటర్లుంటే గొప్ప, బరువు 45 కిలోలు దాటడం అరుదు. ఉత్తరాదిన కెనడా వైపు ఇదే తెల్లతోక జాతి మగది 130 కిలోలు కూడా తూగుతుంది. చలి ప్రాంతాల్లో ఒళ్లు పెద్దది, వేడి ప్రాంతాల్లో చిన్నది అని 1847లోనే బెర్గ్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రం చెప్పాడు. ఈ లెక్కలన్నీ నాకు కంఠతా వచ్చు. దుర్భిణిలో కనిపించే దుప్పి మెడకి మాత్రం బరువు చీటీ ఉండదు.

ఆ సహోద్యోగే నాకు గురువయ్యాడు. ముందు తోక చూడమన్నాడు. మ్యూల్ డీర్ తోక సన్నగా తాడులా వేలాడుతుంది, కొస నల్లగా సిరాలో ముంచినట్టుంటుంది. తెల్లతోకది వెడల్పు. పైన బూడిదో గోధుమో, అంచులూ అడుగూ తెలుపు, పరుగెత్తేటప్పుడు జెండాలా లేస్తుంది. పరుగు చూడమన్నాడు. మ్యూల్ డీర్ నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకి కొట్టి స్ప్రింగులా లేస్తుంది. తెల్లతోక గుర్రంలా దౌడు తీస్తుంది. కొమ్ములు చూడమన్నాడు. తెల్లతోకకి ఒక పెద్ద కొమ్మ ముందుకి వంగి, దాని మీంచి కొనలు వరసగా మొలుస్తాయి. మ్యూల్ డీర్ కొమ్ములు గులేరు కర్రలా రెండుగా చీలి, మళ్లీ చీలతాయి.

ఆఖరికి ఒక చనిపోయిన దుప్పి దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టి వెనక కాలు చూపించాడు. మడమ కీలుకీ గిట్టకీ మధ్య, బయటి వైపున, వెంట్రుకలు గుత్తిగా లేచిన ఒక గీత ఉంటుంది. అది వాసన గ్రంథి. తెల్లతోకకి అది అంగుళం లోపే, కాలు సగానికి కింద. మ్యూల్ డీర్‌కి నాలుగైదు అంగుళాలు, పైన. రెండు జాతులకీ పుట్టిన సంకరానికి అయితే ఆ గీత పొడవూ మధ్యస్థమే. నేను చేత్తో తడిమి చూశాను. గరుకుగా, పాత బ్రష్షులా తగిలింది. ఆ రోజు నుంచీ నాకు దుప్పులన్నీ తెలుసనిపించింది. జాతి తెలిస్తే ఉపజాతీ అంతేలే అనుకున్నాను. తప్పు సరిగ్గా అక్కడే జరిగింది.

కూజ్ అనే పేరే చిత్రమైంది. ఎలియట్ కూజ్ అని సైన్యంలో డాక్టరు, పక్షిశాస్త్రవేత్త, 1860లలో అరిజోనాలో పనిచేశాడు. ఆయన పక్షుల పుస్తకాలు ప్రసిద్ధం. కానీ ఈ కొండల్లో ఆయన పేరు జనం నోట రోజూ నానేది దుప్పి వల్లనే. 1875లో ఈ ఉపజాతికి ఆ పేరు స్థిరపడింది. ఆ కుటుంబం వాళ్లు తమ పేరుని 'కౌజ్' అని పలికేవారట. అరిజోనాలో అలా అంటే మనం ఆవుల గురించి మాట్లాడుతున్నామనుకుంటారు. అందరూ 'కూజ్' అంటారు, నేనూ అంతే. ఊరి వాళ్లు పలికిందే పేరు.

చీసోస్ నుంచి తిరిగొచ్చాక పుస్తకాలు తిరగేశాను. కార్మెన్ దుప్పికి 1940లో గోల్డ్‌మన్, కెలాగ్ అనే ఇద్దరు జంతుశాస్త్రవేత్తలు పేరు పెట్టారు. మెక్సికో వైపున్న సియెర్రా డెల్ కార్మెన్ కొండల పేరది. మంచుయుగంలో ఈ ప్రాంతమంతా చల్లగా, తడిగా ఉండి, అడవి కింది దాకా దిగి ఉండేది. దుప్పులు ఒక కొండ నుంచి ఇంకో కొండకి నడిచి వెళ్లేవి. తర్వాత ఎండలు ముదిరాయి, అడవి కొండల పైకి ఎక్కింది, దాంతోపాటే తెల్లతోకలూ ఎక్కాయి. దిగువన ఎడారి పరుచుకుంది, దాన్ని మ్యూల్ డీర్ ఆక్రమించింది. చీసోస్‌లో ఇప్పటికీ సుమారు 4,500 అడుగుల పైన తెల్లతోక, కింద మ్యూల్ డీర్.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే కార్మెన్‌నీ కూజ్‌నీ పక్కపక్కన నిలబెట్టి విడదీయమంటే? రెండూ చిన్నవే, రెండూ బూడిదే, రెండూ పొడి కొండల ఓక్ అడవుల్లోవే. చర్మాలూ పుర్రెలూ బల్ల మీద పెట్టి కొలిచేవాళ్లు ఏవో తేడాలు రాశారు. అవి సగటు తేడాలు. నా ఎదుట నిలబడ్డది సగటు కాదు, ఒక్క దుప్పి. తెల్లతోక ఒక్కదానికే ముప్పైకి పైగా ఉపజాతులు రాసిపెట్టారు. వాటిల్లో కొన్నింటికి ఆధారం గుప్పెడు చర్మాలు. పైగా 1986లో పశ్చిమ టెక్సాస్ దుప్పుల మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూస్తే, ఒకే చోట తిరిగే తెల్లతోకకీ మ్యూల్ డీర్‌కీ తల్లి వైపు వారసత్వం కలిసిపోయి కనిపించింది. జాతుల మధ్య గోడకే కన్నం ఉంటే ఇక ఉపజాతుల మధ్య దడి సంగతి చెప్పేదేముంది.

కొమ్ముల రికార్డులు రాసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు ఈ చిక్కుని మ్యాపుతో తేల్చేసింది. అరిజోనా, న్యూమెక్సికో నైరుతి మూల, మెక్సికోలో సొనోరా, చివావా లాంటి చోట్ల గీత గీసి, లోపలిది కూజ్ అంది. మామూలు ఆకారం కొమ్ములైతే శాశ్వత రికార్డు పుస్తకంలోకి కూజ్‌కి 110 మార్కులు చాలు, గీత బయటి తెల్లతోకకి 170 కావాలి. టెక్సాస్ కొండ మీది దుప్పి ఎంత బుల్లిదైనా రెండో లెక్కే. మొదట ఇది చదివి అన్యాయం అనుకున్నాను. తర్వాత మా తాత గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. తాత పుట్టింది కర్నూలు జిల్లాలో. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడితే ఆయన ఒంగోలు వైపు కాగితాల్లోకి వెళ్లిపోయాడు. ఇల్లు కదల్లేదు, బావి కదల్లేదు, యాస కదల్లేదు. నేను గుంటూరులో చదివేటప్పుడు నన్ను "సీమోడు" అన్నారు, అనంతపురం వాళ్లు "కోస్తావాళ్లు" అన్నారు. ఇద్దరూ నా మాట విని పసిగట్టామనే అనుకున్నారు. అమెరికా వచ్చాక నేనూ అదే పని చేశాను. ఒక విందులో ఒకావిడ మాట విని "మీది రాజమండ్రి పక్కనే కదండీ?" అని బల్ల గుద్ది చెప్పాను. ఆవిడ పుట్టి పెరిగింది భిలాయ్‌లో, గోదావరిని రైలు కిటికీలోంచే చూశారట. అమ్మమ్మ మాట ఆవిడ నోట్లో మిగిలింది. మీదే ఊరండీ అని ముందే అడిగుంటే పరువు దక్కేది.

ఇప్పుడు నా నోటుపుస్తకం మారింది. పేరు గడి చివరికి జరిపాను. ముందు కొండ పేరు, ఎత్తు, చెట్లు, పొద్దు. తర్వాత తోక, పరుగు, కొమ్ము, దొరికితే వెనక కాలు. పేరు గడి చాలాసార్లు 'తెల్లతోక' దగ్గరే ఆగిపోతుంది. మొదట్లో ఆ ఖాళీ చూస్తే చెయ్యి దురద పెట్టేది.

నల్లమల అంచున బతుకంతా పశువులు కాసిన మేనమామ నాకు ఒకడున్నాడు. రాలే కొమ్ములుంటే దుప్పి, రాలని కొమ్ములుంటే జింక, రెంటినీ కలిపి మాట్లాడితే ఊరుకోడు. నేను ఈ వ్యాసమంతా దుప్పి అంటున్నది ఆయన భయంతోనే. చీసోస్‌లో తీసిన ఫొటో ఆ రాత్రే ఆయనకి పంపాను. పొద్దున ఫోన్ చేశాడు.

"యాడ జూసినావురా అల్లుడూ?"

"టెక్సాస్‌లో మామా."

"నాకేం దెలుస్తాది ఆ పేరు. కొండ మీదనా, కిందనా?"